మూడు మాటలే, చిన్నోడా!

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. కాణిపాకం గుడి ముందు అంగట్లో కొన్నది. అట్ట మీద వినాయకుడి బొమ్మ. లోపల మా ఊరి కబడ్డీ టీముకి నేను రాసిన ప్లాన్లు. మొత్తం 14. ఒక్కోదానికి ఒక నంబరు. కోర్టు బయట నిలబడి నేను ‘ఏడు’ అని అరిస్తే కూతకు పోయేవాడు ఏం చెయ్యాలో, ‘పదకొండు’ అంటే ఏం చెయ్యాలో బాణాలు గీసి మరీ రాసిపెట్టాను.

ఆ పుస్తకం చూసుకుని నాకు నిండా గర్వం. ఆ పుస్తకం వల్లే ఒక పదిహేడేళ్ళ పిల్లోడు ఆట మానేసే దాకా వచ్చాడు. ఈ కథ దాని గురించే.

మాది తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో పాకాల దగ్గర ఒక చిన్న ఊరు. నేను తిరుపతిలో ఒక సెల్‌ఫోన్ల షాపులో పని చేస్తాను. శనివారం రాత్రి బస్సెక్కి ఊరికి పోతాను, సోమవారం మొబ్బుండగానే తిరిగొస్తాను. కాలేజీ రోజుల్లో నేనూ రైడర్‌నే. మోకాలు పోయాక ఆడటం మానేసి ఆడించడం మొదలుపెట్టాను. మావాళ్ళు ‘కోచన్నా’ అంటారు. అందులో ఎగతాళి ఎంతో, మర్యాద ఎంతో నాకిప్పటికీ తెలీదు.

మా టీములో అందరికంటే చిన్నవాడిని చిన్నోడు అనే అందాం. ఇంటర్ రెండో సంవత్సరం. సన్నగా, కొబ్బరి మట్టలాగా ఉంటాడు. కానీ ఆ కాళ్ళు చూడాలి! ముందుకు పోయిన వేగంతోనే వెనక్కి వస్తాడు. వాడు చెయ్యి చాపితే అవతలివాడికి తగిలింది కూడా తెలీదు. మా పెద్ద రైడర్, ట్రాక్టర్ తోలే అన్న, వాడిని మొదటిసారి చూసినప్పుడే ‘వీడు మనిషి కాదప్పా, బల్లి’ అన్నాడు.

అట్లాంటి వాడి చేతిలో నేను 14 ప్లాన్లు పెట్టాను.

కబడ్డీ తెలిసినవాళ్ళకి కష్టం ఎక్కడో వెంటనే అర్థమవుతుంది. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కూతకు 30 సెకన్లు. అవతల ఏడుగురు. లోపలికి పోయి బాల్క్ లైన్ దాటాలి, లేకపోతే ఔట్. అవతల ఆరుగురు, అంతకంటే ఎక్కువమంది ఉంటేనే బోనస్ పాయింట్ దొరుకుతుంది. వరసగా రెండు కూతలు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే ఔట్. అవతల ముగ్గురో అంతకంటే తక్కువో ఉన్నప్పుడు దొరికిపోతే వాళ్ళకి రెండు పాయింట్లు. ఇవన్నీ లెక్కపెట్టుకుంటూ, నోటితో ‘కబడ్డీ కబడ్డీ’ అనడం ఆపకూడదు. కూత ఆగితే అక్కడికి ఖేల్ ఖతం.

2024 దసరాకి పక్క మండలంలో టోర్నమెంట్. ప్రో కబడ్డీ రూల్సే, మ్యాట్ మాత్రం లేదు, మట్టి కోర్టు. చిన్నోడు 11 సార్లు కూతకు పోయాడు. తెచ్చింది ఒకే పాయింట్. ఐదుసార్లు పట్టుబడ్డాడు. చివరిసారి పోయినప్పుడు నేను బయట నుంచి ‘తొమ్మిది!’ అని అరిచాను. వాడు సరిగ్గా బాల్క్ లైన్ మీద ఆగాడు. నా వైపు చూశాడు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. అంపైర్ విజిల్ వేశాడు. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ పట్టుకోలేదు. తొమ్మిదో నంబరు ఏమిటో గుర్తు తెచ్చుకుంటూ వాడు కూత మర్చిపోయాడు.

జనం నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. వాడు బయటికి రాగానే అందరి ముందు, ‘బుర్ర ఉందా లేదా నీకు? ఇన్నిసార్లు చెప్పింది ఎవరికి?’ అని అరిచేశాను. వాడు ఏమీ మాట్లాడలేదు. షూస్ విప్పి, లేసులు రెండూ కలిపి ముడేసి భుజాన వేసుకుని, మ్యాచ్ అయ్యే లోపలే బస్‌స్టాండ్ వైపు నడిచిపోయాడు.

రెండు వారాలు ప్రాక్టీసుకి రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాట్సాప్‌లో రెండు నీలం టిక్కులు పడతాయి, జవాబు ఉండదు.

మూడో ఆదివారం నేనే వాళ్ళింటికి పోయాను. వాళ్ళమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వాడు లేడు. నేను అరిచిన సంగతి ఆమెకి తెలుసేమోనని లోపల భయం.

‘బాగుండావా చిన్నమ్మా, పిల్లోడు ఆటకి రావడం లేదే?’ అన్నాను.

ఆమె చేతిలో పని ఆపకుండానే చెప్పింది. ‘నాకు ఆట సంగతి తెలీదు నాయనా. నెలరోజుల నుంచి వాడు నిద్రలో నంబర్లు చెప్తాండాడు. ఏడు, మూడు, పదకొండు అంటాడు, ఉలిక్కిపడి లేస్తాడు. పరీక్షలకేమో అనుకుంటిని. అడిగితే కబడ్డీకంట. కబడ్డీకి నంబర్లు ఎందుకు నాయనా?’

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. వాడు వస్తే ఒకసారి కనపడమన్నానని చెప్పి లేచి వచ్చేశాను.

ఆ రాత్రి పదిన్నరకి మా పెదనాన్న కొడుకు ఫోన్ చేశాడు. అన్న అమెరికాలో మేరీల్యాండ్‌లో ఉంటాడు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళకి ఫుట్‌బాల్ మొదలయ్యే టైము మనకి రాత్రి పదిన్నర. వాళ్ళ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డులాంటి బంతి పట్టుకుని ఒకరి మీద ఒకరు పడేది. పక్క ఊరు బాల్టిమోర్ టీము రేవెన్స్ అంటే అన్నకి ప్రాణం. మామూలుగా నేను ఊ కొడుతూ రీల్స్ చూసుకుంటాను. ఆ రోజు మాత్రం నా బాధ చెప్పుకున్నాను. అంతా విని అన్న నవ్వాడు. ‘రేయ్, ఇది మా లమార్ కథే కదరా!’

లమార్ జాక్సన్ ఆ టీములో క్వార్టర్‌బ్యాక్. అంటే ప్రతి ఆట మొదట్లో బంతి చేతిలోకి వచ్చేది అతనికే. ఎవరికి విసరాలి, ఎవరికి అందించాలి, తానే పరిగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాల్సింది అతనే. అవతల 11 మంది కదులుతుంటారు. అక్కడి కోచ్‌ల ప్లాన్ల పుస్తకం ముందు నా 14 ఎందుకూ పనికిరావు. వందల్లో ఉంటాయట.

2018లో కాలేజీ ఆటగాళ్ళని టీములు ఎంచుకునేటప్పుడు లమార్‌ని మొదటి రౌండులో ఆఖరివాడిగా, 32వ నంబరుగా తీసుకున్నారు. పరుగు బ్రహ్మాండం, కానీ క్వార్టర్‌బ్యాక్‌గా పనికిరాడు, వేరే స్థానంలో ఆడుకోమన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ ఏడాది నవంబరులో సీనియర్ క్వార్టర్‌బ్యాక్‌కి దెబ్బ తగిలింది. 21 ఏళ్ళ లమార్ చేతికి టీము వచ్చింది. మిగిలిన ఏడు మ్యాచుల్లో ఆరు గెలిచారు. తర్వాతి ఏడాది కోచ్ జాన్ హార్బా, దాడి ప్లాన్లు చూసే గ్రెగ్ రోమన్ కలిసి టీము ఆటనే అతని కాళ్ళకి తగ్గట్టు మళ్ళీ కట్టారు.

‘ఎట్లా కట్టారన్నా?’ అన్నాను.

‘11 మందినీ చూడొద్దన్నారు రా. చాలా ఆటల్లో ఒక్కణ్ణి చూస్తే చాలు. అంచున ఉండే డిఫెండర్‌ని చూడు. వాడు పక్కన పరిగెత్తేవాడి మీదికి పోతే బంతి నువ్వే ఉంచుకుని పరిగెత్తు. వాడు నీ మీదికి వస్తే పక్కవాడికి బంతి ఇచ్చెయ్. అంతే. చూపు ఒకటి, దారులు రెండు.’

2019లో ఆ టీము 16 మ్యాచుల్లో 14 గెలిచింది. లమార్ 1,206 గజాలు పరిగెత్తి, ఒక సీజన్‌లో క్వార్టర్‌బ్యాక్ పరుగు రికార్డు బద్దలు కొట్టాడు. తమాషా ఏంటంటే, ‘విసరడం రాదు’ అన్నవాడే 36 టచ్‌డౌన్ పాసులు విసిరి లీగ్‌లో అందరికంటే ముందున్నాడు. పరిగెడతాడన్న భయంతో అవతలివాళ్ళు ముందుకి వస్తే వెనక ఖాళీ దొరికేది. ఆ ఏడాది అతను ఎంవీపీ. ఓటు వేసిన ప్రతి ఒక్కరూ అతనికే వేశారు.

‘కప్పు కొట్టారా?’

అన్న గొంతు దిగింది. ‘లేదురా. ప్లేఆఫ్స్‌లో మొదటి మ్యాచులోనే పోయింది. 28-12. ఎవరి చేతిలోనో తెలుసా? టైటాన్స్.’

‘తెలుగు టైటాన్సా?’

‘టెనెస్సీ టైటాన్స్ రా, యెదవా!’

ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. లమార్ గురించి కాదు, నా మోకాలి గురించి ఆలోచిస్తూ పడుకున్నాను. కాలేజీలో ఉన్నప్పుడు నేను కుడివైపు నుంచి పోయి హ్యాండ్ టచ్ చేసేవాణ్ణి. అదొక్కటే నాకు బాగా వచ్చు. అప్పుడు మాకు నేర్పించిన ఒకాయన, పెద్ద రైడర్ అంటే అన్నీ రావాలన్నాడు. డుబ్కీ నేర్చుకో, ఎడమవైపు పో, టో టచ్ చెయ్ అన్నాడు. నేర్చుకునే ఓపిక నాకుంది, టైము ఆయన ఇవ్వలేదు. సగం వచ్చిన డుబ్కీ మ్యాచులో కొట్టబోయి, ముగ్గురి కింద పడి మోకాలు మెలిపెట్టుకున్నాను. ఇన్నేళ్ళు ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. తీరా నేను కోచ్ అయ్యాక చేసింది అచ్చంగా ఆ పనే. పైగా నంబర్లు వేసి, నోటుపుస్తకంలో.

మన తెలుగు గడ్డ మీదే ఇంతకు మించిన పాఠం ఉంది. ‘మైదాన్’ సినిమా చూసినవాళ్ళకి సయ్యద్ అబ్దుల్ రహీం తెలిసే ఉంటాడు. హైదరాబాద్‌లో బడిపంతులుగా పని చేసినాయన. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిపించిన కోచ్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన టీము దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. తర్వాతి మ్యాచులో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి ఆరు కుట్లు పడ్డాయి. కుట్లు పడిన తలతో వెనక నిలబడి, ఎగిరొచ్చే బంతులు ఆపడం కష్టం. రహీం సాబ్ ఏం చేశాడు? అతణ్ణి తీసుకుపోయి ముందు వరసలో, సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టాడు. సెమీస్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే కొరియా మీద మళ్ళీ కొట్టాడు. 2-1. బంగారు పతకం మనది.

నోటుపుస్తకానికి తగిన మనిషి కోసం ఆయన వెతకలేదు. ఆ రోజు తన దగ్గరున్న మనిషికి తగ్గట్టు పుస్తకం తిరగరాశాడు.

తర్వాతి శనివారం రాత్రి బస్సు దిగితే, చిన్నోడు టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. వాళ్ళమ్మ పంపించినట్టుంది. తల ఎత్తడం లేదు.

‘తప్పు నాదిరా. అందరి ముందు అట్లా అనకూడదు’ అన్నాను. ఈ ఒక్క మాట అనడానికి ఆరు రోజులు ప్రాక్టీసు చేసుకున్నాను.

వాడు గ్లాసులోకి చూస్తూ, ‘నాకు అంత తెలివి లేదులేన్నా’ అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. కాళ్ళలో అంత వేగం ఉన్న పిల్లోడు తనని తాను మొద్దు అనుకునేలా చేశాను.

ఇద్దరం కూర్చుని నా ఫోన్‌లో వాడి పాత మ్యాచుల వీడియోలు చూశాం. నేను రాకముందు ఆడినవి, నా ప్లాన్లతో ఆడినవి. పాత వీడియోల్లో వాడు మళ్ళీ మళ్ళీ చేసేది ఒకటే. కుడి కార్నర్ వైపు పోతాడు. ఆ కార్నర్‌వాడు పట్టడానికి ఒక అడుగు ముందుకు వేస్తే, తటాలున చెయ్యి తగిలించి వెనక్కి వచ్చేస్తాడు.

‘ఆడ ఏం చూస్తావురా నువ్వు?’ అని అడిగాను. ఇన్ని నెలల్లో వాడిని నేను అడిగిన మొదటి ప్రశ్న అది.

‘వాడి కాళ్ళు చూస్తానన్నా. మొహం చూస్తే మోసపోతాం. కాళ్ళు అబద్ధం చెప్పవు.’

నా 14 ప్లాన్లలో ఎక్కడా ‘కాళ్ళు చూడు’ అన్న మాట లేదు.

ఆ రాత్రి కొత్త పేజీ తీసి మూడు మాటలు రాశాం. ఒకటి, కార్నర్ ముందుకొస్తే చెయ్యి తగిలించు. రెండు, కార్నర్ వెనక్కి జరిగితే బోనస్ గీత దాటి కాలు పెట్టు. మూడు, ఏదీ కుదరకపోతే బాల్క్ లైన్ దాటి ఊరకే తిరిగిరా, ఎవరూ ఏమీ అనరు. ఇంక లెక్కలన్నీ నావి. అవతల ఆరుగురి కంటే తగ్గితే వాణ్ణి పంపను. డూ ఆర్ డై కూతకి పంపను. వాటికి పెద్ద రైడర్ అన్న పోతాడు. కోర్టు బయట నుంచి నేను నోరెత్తను.

ఆఖరిది వాడు పెట్టిన షరతు.

టీము వెంటనే ఒప్పుకోలేదు. ట్రాక్టర్ అన్నకి కోపం వచ్చింది. ‘కష్టమైన కూతలన్నీ నాకు, సులువైనవి వాడికా? ఒక్కడి కోసం మేమంతా మారాలా? టైటాన్స్‌ని చూడలేదా? పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షలు పోసి కొన్నారు. ఆ సీజన్లో 22 మ్యాచులాడి రెండే గెలిచినారు. ఒక్కణ్ణి నమ్ముకుంటే అట్లే ఉంటాది.’

మాట సరైందే. నేను కాసేపు గమ్మునున్నాను. తర్వాత చెప్పాను. ‘అన్నా, నేను టీము బరువంతా వాడి నెత్తిన పెట్టడం లేదు. వాడి నెత్తిన నేనే పెట్టిన బరువు దించుతున్నా. దాన్ని మొయ్యగలిగింది నువ్వే. అందుకే నిన్ను అడుగుతున్నా.’

ఆయన బీడీ ఆర్పి, ‘సరే, సంక్రాంతి దాకా చూద్దాం’ అన్నాడు.

సంక్రాంతి అంటే మా వైపు కనుమ నాడు పశువుల పండగ. చంద్రగిరి దగ్గర రంగంపేటలో కోడెల కొమ్ములకి పలకలు కట్టి వదులుతారు, ఆ పలకల కోసం కుర్రకారు ఎగబడుతుంది. మిగతా ఊళ్ళలో క్రికెట్, కబడ్డీ టోర్నమెంట్లు. 2025 సంక్రాంతికి మేము ఆడిన టోర్నమెంటులో మొదటి ప్రైజు 20 వేలు.

మొదటి మ్యాచులో చిన్నోడు మొదటి కూత ఖాళీగా తిరిగొచ్చాడు. నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. రెండోసారి బోనస్. మూడోసారి హ్యాండ్ టచ్. ఆ మ్యాచులో వాడికి ఎనిమిది పాయింట్లు. ఒక్కసారే పట్టుబడ్డాడు. ముఖ్యంగా, వాడి కూత గట్టిగా వినబడుతోంది. అవతలి గట్టు దాకా.

సెమీఫైనల్ పుత్తూరు వైపు నుంచి వచ్చిన టీముతో. మొదటి సగం మేమే ముందు, 17-12. రెండో సగంలో వాళ్ళు కనిపెట్టేశారు. సులువైన ఆటకి అదే చిక్కు. మనకి సులువైంది అవతలివాళ్ళకి కూడా సులువుగానే అర్థమవుతుంది. వాళ్ళ కుడి కార్నర్ దొంగ అడుగు వేసి ఆగిపోతున్నాడు, చిన్నోడు చెయ్యి చాపగానే పక్కనున్న కవర్ వచ్చి నడుం పట్టేస్తున్నాడు. వరసగా రెండుసార్లు దొరికిపోయాడు.

టైమ్ అవుట్ తీసుకున్నాను. 30 సెకన్లు. నాలుక చివర దాకా వచ్చింది, ‘పదకొండు కొట్టు’ అని. మింగేశాను.

‘ఏం కనపడతాంది రా నీకు?’

నీళ్ళు తాగుతూ చెప్పాడు. ‘కార్నర్ నన్ను చూస్తాండాడు. కవర్ మాత్రం నన్ను చూడడం లేదన్నా, కార్నర్‌నే చూస్తాండాడు, ఎప్పుడు దూకాలా అని. నేను కార్నర్ మీదికి పోయినట్టే పోయి, కవర్‌ని తగిలించేదా?’

నా నోటుపుస్తకంలో 11వ ప్లాను దాదాపు ఇదే. అర పేజీ, నాలుగు బాణాలు. నెలరోజులు నేర్పినా వాడికి రాలేదు. ఇప్పుడు తనకి కనపడింది కాబట్టి, తనంతట తనే నాకు చెప్తున్నాడు.

‘తగిలించు’ అన్నాను.

తగిలించాడు. రెండుసార్లు. మూడోసారి కార్నర్, కవర్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆ సందులో బోనస్ కొట్టుకొచ్చాడు.

మ్యాచ్ మాత్రం ఓడిపోయాం. 31-29. ఆఖరి డూ ఆర్ డైకి ట్రాక్టర్ అన్న పోయాడు, యాంకిల్ హోల్డ్‌లో దొరికిపోయాడు. లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుంటుంటే చిన్నోడు పోయి ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ప్రైజు రాలేదు. ఎవరి మొహం మీదా దసరా నాటి చీకటి లేదు.

ఇది చదివేవాళ్ళలో కబడ్డీ ఆడేవాళ్ళు కొద్దిమందే ఉండొచ్చు. కానీ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి నేర్పించే రోజు అందరికీ వస్తుంది. తమ్ముడికి బండి, అమ్మకి ఫోన్‌పే, ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లకి పని. మా షాపులో కొత్త కుర్రాడు చేరితే ఇంతకుముందు మొదటి రోజే 30 మోడళ్ళ ఫీచర్లు అప్పజెప్పమనేవాణ్ణి. ఇప్పుడు ‘నీకు బాగా తెలిసిన ఫోన్ ఏది? ముందు అదే అమ్ము’ అంటున్నాను. మనకి తెలిసిందంతా వాళ్ళ నెత్తిన కుమ్మరిస్తే మనం గొప్పగా కనిపిస్తాం, అంతే. కూత ఆగిపోయేది వాళ్ళది.

కనుమ అయిన మర్నాడు చిన్నోడు మా ఇంటికొచ్చి, ‘అన్నా, ఆ పాత పుస్తకం ఉందా? పదకొండు కాకుండా ఇంకేమేం రాసినావో చూస్తా’ అన్నాడు. ఇచ్చేశాను. ఇష్టమొచ్చినవి ఉంచుకుని మిగతావి చింపెయ్యమన్నాను.

పోయిన వారం బస్సు దిగుతుంటే వాళ్ళమ్మ ఎదురుపడింది.

‘చిన్నమ్మా, పిల్లోడు నిద్రలో ఇప్పుడేం నంబర్లు చెప్తాండాడు?’ అని అడిగాను.

‘నంబర్లా? యాడ నాయనా! గుర్రు పెట్టి నిద్రపోతాండాడు. ఇప్పుడు నాకు పట్టడం లేదు నిద్ర’ అంది.